ఫోన్ చార్జర్ కాదు.. అసలు కరెంటు తాగేది మీ పాత ఫ్యానే!

రాత్రంతా ఫోన్ చార్జింగ్‌లో పెడితే కరెంటు బిల్లు గురించి ఇంట్లో తిట్లు తప్పవు. కానీ ఒకసారి లెక్క చూద్దాం. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్ అవ్వడానికి, వేడి రూపంలో పోయేది కూడా కలిపి, సుమారు 25 వాట్-అవర్లు చాలు. రోజూ చార్జ్ చేసినా ఏడాదికి 9 యూనిట్లే. అదే 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజుకు 8 గంటలు తిరిగితే 15 రోజుల్లోనే ఆ 9 యూనిట్లు లాగేస్తుంది!

మన దేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. సగటున ఒక్కో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు మారితే, 300 రోజుల వాడకంలో 108 యూనిట్లు మిగులుతాయి. అంటే సుమారు 75 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే.

మరి ఫోన్ సంగతేంటి? ఐఫోన్ 13 విషయంలో ఆపిల్ సొంత రిపోర్టే చెబుతోంది: మొత్తం కార్బన్ భారంలో దాదాపు 80 శాతం తయారీదే. సో, చార్జింగ్ గురించి టెన్షన్ వద్దు. బ్యాటరీ వీక్ అయితే బ్యాటరీ మార్చండి, సెక్యూరిటీ అప్‌డేట్స్ వచ్చినంత కాలం అదే ఫోన్ వాడండి. ఈసారి అప్‌గ్రేడ్ చేయాల్సింది చేతిలోది కాదు, తలపైన తిరిగేది!