ఇంటి విలువ, చదువు విలువ

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి జీవితం వస్తువుగా వచ్చే కథల్లో ఇల్లు కొనే ఘట్టం తరచు కనిపిస్తుంది. అక్కడ స్కూళ్ళు బాగుంటాయని ఒకరంటారు. పన్ను మోయగలమా అని మరొకరు సందేహిస్తారు. చివరకు పిల్లల కోసమని అప్పుచేసి అక్కడే కొంటారు. విమర్శకులం మనం దీన్ని తల్లిదండ్రుల మమకారంగానో, మధ్యతరగతి ఆరాటంగానో వ్యాఖ్యానించి ఊరుకుంటాం. కాని ఆ రెండు మాటల వెనుక ఒక ఆర్థిక వ్యవస్థ ఉంది. అది తెలియకుండా ఆ పాత్రలను అర్థం చేసుకోలేం.

మన దేశంలో ప్రభుత్వ బడి పంతులు జీతం ప్రధానంగా రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బడుల నిర్వహణ ‘స్కూలు డిస్ట్రిక్టు’ అనే స్థానిక సంస్థ చేతిలో ఉంటుంది. దాని ఖర్చులో కొంత రాష్ట్రం ఇస్తుంది, కొద్దిపాటి ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. మిగిలినది ఆ సంస్థ తన సరిహద్దుల్లోని ఇళ్ళ మీద, దుకాణాల మీద, ఫ్యాక్టరీల మీద పన్ను వేసి రాబట్టుకోవాలి. కనుక బడి ఖర్చు పెరిగితే ఇంటిపన్ను పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది మాత్రం ఊరి ఆస్తిని బట్టి ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీ ఉన్నచోట భారం దాని మీద కూడా పడుతుంది. చిన్న ఇళ్ళు తప్ప మరేమీ లేనిచోట అంతా ఆ చిన్న ఇళ్ళే మోయాలి.

టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ నగరంలోని ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టులో విద్యార్థులు అత్యధికంగా మెక్సికన్ అమెరికన్లు. 1967-68లో అక్కడ ఒక్కొక్క విద్యార్థికి లెక్కకొచ్చే ఆస్తి విలువ 5,960 డాలర్లు. అదే నగరంలో సంపన్నుల ఆలమో హైట్స్‌లో 49,000 డాలర్లకు పైమాటే. ఎడ్జ్‌వుడ్ పేదలు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టారు. ఆ మహానగర ప్రాంతంలో అదే అత్యధిక రేటు. రాష్ట్ర పథకానికి చెల్లించవలసిన వాటా పోగా వారికి మిగిలింది పిల్లవాడికి 26 డాలర్లు. ఆలమో హైట్స్‌వారు 85 సెంట్లే కట్టారు. వారికి మిగిలింది 333 డాలర్లు. రాష్ట్ర, ఫెడరల్ నిధులు కలిపిన తరువాత కూడా ఎడ్జ్‌వుడ్ పిల్లవాడికి 356 డాలర్లు, ఆలమో హైట్స్ పిల్లవాడికి 594 డాలర్లు. ఎక్కువ కట్టినవాడికి తక్కువ, తక్కువ కట్టినవాడికి ఎక్కువ! పేదలకు చదువు మీద శ్రద్ధ లేదనే మాటకు ఈ అంకెలే జవాబు.

1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు సుమారు 400 మంది తరగతులు వదలి బయటికి వచ్చారు. ఆ ఏడాదే డిమిట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పని కార్మికుడూ, మరికొందరు తల్లిదండ్రులూ కోర్టుకెక్కారు. 1971లో కింది కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. 1973 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ తీర్పును కొట్టివేసింది. విద్య ఫెడరల్ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని జస్టిస్ పవెల్ రాశాడు. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ గట్టిగా విభేదించాడు. తరువాత పోరాటం రాష్ట్ర కోర్టులకు మళ్ళింది. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ పక్షాన నిలిచింది. 1993లో సంపన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత తీసి పేద డిస్ట్రిక్టులకు పంచే చట్టం వచ్చింది. జనం దానికి ‘రాబిన్‌హుడ్’ అని పేరుపెట్టారు. అయితే ఇందులోనూ వైరుధ్యం ఉంది. ఆస్టిన్ నగరంలో భూముల ధరలు పెరిగిన కారణంగా, పేద పిల్లలు చాలామంది ఉన్న ఆ డిస్ట్రిక్టు కూడా ‘సంపన్న’మై డబ్బు చెల్లించవలసివచ్చింది. భూమి ధర పెరిగినంత మాత్రాన దాని మీద అద్దెకున్నవాడి కూలి పెరగదు కదా!

పన్ను కట్టేవాడి గోడును కూడా తోసిపుచ్చలేం. పింఛను మీద బతికే వృద్ధుడికి ఆదాయం పెరగకపోయినా, ఇంటి ధర పెరిగితే పన్ను పెరుగుతుంది. కాలిఫోర్నియాలో 1978లో ఈ అసంతృప్తి నుంచే ‘ప్రతిపాదన 13’ నెగ్గింది. పన్ను విలువలో ఒక శాతానికి, విలువ పెంపు ఏటా రెండు శాతానికి పరిమితమయ్యాయి. వృద్ధులకు ఊరట కలిగింది. దానితోపాటు పెద్ద వాణిజ్య ఆస్తులకూ కలిగింది. స్థానిక బడుల చేతిలోని పన్ను మాత్రం జారిపోయింది.

ఇప్పుడు మన కథలోని దంపతుల దగ్గరికి వద్దాం. మంచి బడి ఉన్నచోట ఇంటి ధర పెరుగుతుంది. ధర పెరిగితే పన్ను రాబడి పెరుగుతుంది. రాబడి పెరిగితే బడి మరింత బాగుపడుతుంది. ఆ ధర పెట్టలేనివాడు గీతకు అవతలే ఉండిపోతాడు. వారు కొన్నది ఇల్లే కాదు, ఆ గీతకు ఇవతల చోటు కూడా. రచయిత ఈ గీతను చూపగలిగితే అది మమకారం కథగా మిగిలిపోదు, వర్గం కథ అవుతుంది.

ఇది పరాయి దేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుతున్నాయి. మన పుస్తకాలు ఊరి లైబ్రరీకి చేరేది ప్రధానంగా ఆ పైసలతోనే. పెద్ద భవనాలున్న జిల్లాకు ఎక్కువ, పూరిళ్ళ జిల్లాకు తక్కువ. పాఠకుడి చేతికి పుస్తకం అందడం కూడా ఊరి గోడల విలువ మీద ఆధారపడి ఉందన్నమాట. పాఠకులు తగ్గిపోతున్నారని వాపోయే ముందు రచయితలు ఈ 8 పైసల లెక్క కూడా అడగాలి.