పదేళ్లకే ఒక్క ఆటా?

2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. నేపాల్ మీద భారత జట్టు ఏడు వికెట్ల తేడాతో గెలిచింది. ఆ ఫైనల్లో 42 పరుగులు కొట్టిన పాంగి కరుణకుమారిది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు మండలంలోని వంట్లమామిడి. విశాఖపట్నంలో అంధ బాలికల ప్రభుత్వ గురుకులంలో చదువుకుంటూ భారత జట్టు దాకా ఎదిగిన అమ్మాయి.

ఇలాంటి గెలుపు ఒకటి వచ్చినప్పుడల్లా పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల్ని చూసే కళ్లు మారతాయి. చురుగ్గా పరిగెత్తే పిల్ల కనిపిస్తే చాలు, ఇప్పటినుంచే ఒక ఆటలో పెట్టేద్దామన్న తొందర మొదలవుతుంది. ఆ తొందరలో ప్రేమ ఉంది, పిల్ల భవిష్యత్తు మీద బెంగ ఉంది. కానీ పదేళ్ల పిల్లకి ఒక్క ఆటే కట్టబెట్టడం మేలు చేస్తుందా?

పట్నంలో ఈ ప్రశ్న అకాడమీ ఫీజుతో మొదలవుతుంది. మన్యంలో అలా కాదు. ఇక్కడ పిల్ల ఏ ఆట ఆడాలో చాలాసార్లు హాస్టల్ స్టోర్‌రూమే నిర్ణయిస్తుంది. వాలీబాల్ నెట్టు ఉంటే వాలీబాల్, పీఈటీ మాస్టారు కబడ్డీ ఆడి వచ్చినవారైతే కబడ్డీ. కొండల మధ్య చదునైన నేల దొరకడమే గగనం కాబట్టి, రెండు గుంజలు పాతితే సరిపోయే వాలీబాల్ ఊరూరా పాతుకుపోయింది. సాఫ్ట్‌బాల్ లాంటి ఆటకు స్థలం ఎక్కువ కావాలి. ఒక బేస్‌కూ ఇంకో బేస్‌కూ మధ్యే 60 అడుగులు, దాని వెనక ఇంకా పెద్ద మైదానం.

1887లో షికాగోలో ఒక హాలులోపల ఆడుకునే ఆటగా పుట్టిన సాఫ్ట్‌బాల్ మన రాష్ట్రంలో అనంతపురం వైపు బాగా ఎదిగింది. అక్కడ ఆర్‌డీటీ సంస్థ నడిపే క్రీడా అకాడమీలో పల్లె పిల్లలు నేర్చుకునే ఆటల్లో ఇదీ ఒకటి. బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఈ ఆటలో బంతిని భుజం పైనుంచి కాకుండా కిందినుంచి చెయ్యి గుండ్రంగా తిప్పి విసురుతారు. కొట్టడం, పరుగెత్తడం, పట్టడం, గురిచూసి విసరడం, ఇవే అందులో ఉన్న పనులు. బిళ్ళంగోడు, ఏడుపెంకులాట ఆడిన పిల్లకి వీటిలో ఏదీ కొత్త కాదు. అంటే సాఫ్ట్‌బాల్‌కు కావాల్సిన పునాది సాఫ్ట్‌బాల్ ఆడకుండానే పడుతుంది. వీధి ఆటలకు మన శిక్షకులు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వకపోవడం నిజంగా బాధాకరం.

కిందినుంచి విసిరితే భుజానికి నొప్పి ఉండదని చాలాకాలం నమ్మారు. అమెరికాలో సాఫ్ట్‌బాల్ విసిరే పిచర్ల మీద జరిగిన కొలతలు ఆ నమ్మకాన్ని వమ్ము చేశాయి. బేస్‌బాల్ పిచర్ భుజం మీద పడే ఒత్తిడికి దాదాపు సమానమైన ఒత్తిడి వీళ్ల భుజం మీదా పడుతోంది. జట్టులో బాగా విసిరే పిల్ల ఒక్కతే ఉంటే ప్రతి మ్యాచ్‌లోనూ ఆమే విసురుతుంది, ఏడాది పొడవునా విసురుతుంది. ఎముకల చివర్లు ఇంకా ముదరని వయసులో ఒకే కదలికను వేలసార్లు చేస్తే ఏ ఆటలోనైనా ఒంట్లో ఏదో ఒక భాగం దెబ్బతింటుంది. వాలీబాల్‌లో మోకాలు, క్రికెట్ ఫాస్ట్ బౌలింగ్‌లో నడుము, సాఫ్ట్‌బాల్‌లో భుజం.

నీరు జయంతి అనే వైద్యుడి బృందం షికాగో ప్రాంతంలో 7 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించింది. పిల్ల వయసు ఎన్నేళ్లో, వారానికి అన్ని గంటలకు మించి శిక్షణ ఉంటే తీవ్రమైన గాయాలు పెరుగుతున్నాయని అందులో తేలింది. పదేళ్ల పిల్లకి వారానికి పది గంటలన్నమాట. ఏ హాస్టల్లోనైనా గోడ మీద రాసుకోదగ్గ లెక్క ఇది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో మరికాస్త ముందుకెళ్లింది. ఒక్క ఆటకే పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయాలంది. ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు తన ఆటకు దూరంగా ఉండాలంది.

గాయాల సంగతి సరే, పతకాల మాటేమిటి? ఆర్నే గూలిక్ బృందం 2021లో 6,096 మంది క్రీడాకారుల వివరాలు కలిపి చూసింది. ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు చిన్నప్పుడు ఎక్కువ ఆటలు ఆడారు, తమ అసలు ఆటలోకి ఆలస్యంగా వచ్చారు, మొదట్లో మెల్లగా ఎదిగారు. జూనియర్ స్థాయిలో మెరిసినవాళ్ల కథ ఇందుకు సరిగ్గా తలకిందులు. పద్నాలుగేళ్లకు గెలిపించే దారీ, ఇరవై నాలుగేళ్లకు గెలిపించే దారీ వేరువేరు.

తెలుగునేల మీద చూసినా ఉదాహరణలకు కొదవ లేదు. విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ పసితనంలో కృష్ణానదిలో ఈది లిమ్కా రికార్డుకెక్కిన పిల్ల. విల్లు ఆ తర్వాత పట్టింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. సైనా నెహ్వాల్ బ్యాడ్మింటన్ కన్నా ముందు కరాటే నేర్చుకుంది. పుల్లెల గోపీచంద్ మనసు మొదట క్రికెట్ మీదే ఉండేది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి బరువులెత్తడం మొదలుపెట్టింది పన్నెండేళ్లప్పుడు. సిడ్నీలో కాంస్యం అందుకున్నది 2000లో, పాతికేళ్ల వయసులో.

పి.వి. సింధు ఎనిమిదేళ్లకే రాకెట్ పట్టింది కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. పిల్ల శరీరం ఎంత ఓర్చుకోగలదో, ఎప్పుడు ఆగాలో తెలిసిన ఇల్లు అది. ఎనిమిదేళ్లకే ఒక ఆటలో దిగి, పదహారేళ్లకు మోకాలు పాడై ఇంటికెళ్లిన పిల్లల పేర్లు పత్రికల్లో రావు. జిమ్నాస్టిక్స్ సంగతి వేరు, ఆ ఆటలో చిన్నప్పుడే మొదలుపెట్టక తప్పదు. అక్కడ కూడా 2018 ప్రపంచకప్ పోటీల్లో మెల్‌బోర్న్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి ముందుగా అడుగుపెట్టింది కరాటేలోనే.

ఒంటి పునాది విషయంలో మన్యం పిల్ల పట్నం పిల్ల కన్నా ఒక మెట్టు పైనే ఉంది. వాలు దారుల్లో రోజూ నడక, బిందెతో నీళ్లు, చెట్లెక్కడం, ఒకరి నడుము ఒకరు పట్టుకుని గంటల తరబడి థింసా నాట్యం. కాళ్లకు బలం, ఒంటికి తూకం, ఊపిరికి నిలకడ వాటంతటవే వస్తాయి. తెలంగాణలోని హకీంపేట క్రీడా పాఠశాల నాలుగో తరగతిలో చేర్చుకునేందుకు పెట్టే పరీక్షలు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. ముప్పై మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒంటిని వంచడం. నీకు ఏ ఆట వచ్చని అడిగే పరీక్ష అందులో లేదు.

మరి తొందర ఎక్కడినుంచి వస్తోంది? స్కూల్ గేమ్స్ పోటీలు అండర్-14 విభాగం నుంచే రాష్ట్ర, జాతీయ స్థాయిలో జరుగుతాయి. సర్టిఫికెట్ ఉంటే కాలేజీ సీటుకు, ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా తోడవుతుంది. కాఫీ తోట, చోడి చేను తప్ప మరో ఆధారం లేని ఇంటికి అది చిన్న విషయం కాదు. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం అన్యాయం. మార్చాల్సింది బడి ఆటల పద్ధతిని.

అందుకు వీలైన చోటూ ఉంది. గిరిజన పిల్లలు చదివే ఏకలవ్య గురుకులాల్లో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా, 480 మంది పిల్లలు ఒకే ప్రాంగణంలో ఉంటారు. మొదటి మూడేళ్లు కబడ్డీ, ఖోఖో, విలువిద్య, పరుగులు, సాఫ్ట్‌బాల్, వాలీబాల్ మూడేసి నెలల వంతున మార్చి ఆడించవచ్చు. తొమ్మిదిలో పిల్లే తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుంది. పదకొండుకొచ్చాక గట్టి శిక్షణ. కొత్త భవనాలు అక్కర్లేదు. బాట్లు, బంతులు, గ్లవ్‌లు, ఒకటికి మించిన ఆట తెలిసిన పీఈటీలు కావాలి. వేసవి సెలవుల్లో, ఇటుకల పండుగ రోజుల్లో ప్రత్యేక శిబిరమంటూ పిల్లల్ని హాస్టల్లో ఆపేయకుండా ఇంటికి పంపాలి. వైద్యులు చెప్పే విశ్రాంతిలో కొంతైనా అలా దొరుకుతుంది.

ఈ కొండల్లో శిక్షణ పెంచేముందు తప్పనిసరిగా చూడాల్సింది మరొకటుంది. గిరిజన ప్రాంతాల్లో సికిల్‌సెల్ అనే రక్తవ్యాధి వంశపారంపర్యంగా కనిపిస్తోంది. ఒంట్లో నీరు తగ్గినా, చలి ఎక్కువైనా, శక్తికి మించి శ్రమపడినా ఆ జబ్బున్న పిల్లకి ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. దాన్ని నిర్మూలించేందుకు 2023 జులై 1న కేంద్రం ఒక మిషన్ మొదలుపెట్టి నలభై ఏళ్లలోపు వారికి పరీక్షలు చేయిస్తోంది. ఆ ఫలితం ఆరోగ్య కార్యకర్త రిజిస్టర్‌లో ఉండిపోతే చాలదు, రోజూ తెల్లవారుజామున పిల్లల్ని పరుగెత్తించే పీఈటీకి తెలియాలి. ఆడపిల్లలకు రక్తహీనత పరీక్ష కూడా అప్పుడే చేయించాలి. రక్తం తక్కువున్న పిల్ల వెనకబడితే బద్ధకమని కసిరి ఇంకో రెండు రౌండ్లు తిప్పకుండా, ముందు ఐరన్ మాత్రలు, గుడ్డు, ఆకుకూర సరిగా అందుతున్నాయో లేదో చూడాలి.