కంపైలరుకు కాపలా

నిన్నటి కంపైలరుతో 10 సెకనులలో ముగిసిన ప్రోగ్రాము నేటి కంపైలరుతో 10.2 సెకనులు పుచ్చుకొన్నచో తప్పు కంపైలరుదేనా యని తరగతిలో నొక విద్యార్థి నన్నడిగెను. అగునని తటాలున చెప్పదగిన ప్రశ్న కాదది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 2000వ సంవత్సరమున విక్రమ్ ఆద్వే, క్రిస్ లాట్నరు ప్రారంభించిన ఎల్‌ఎల్‌విఎమ్ అను కంపైలరు నేడు దినమునకు పదుల కొలది మార్పులను పొందుచున్నది. ప్రతి మార్పును నిర్దోషముగనే కనబడినను, వానిలో నేదో యొకటి చాటుగ వేగమును హరింపవచ్చును. అందుచే, మనుష్యుడు పూనుకొననక్కరలేకయే బెంచిమార్కు ప్రోగ్రాములను కొత్త కంపైలరుతో నడిపించి, పట్టిన కాలమును వెనుకటి కాలములతో పోల్చి చూచు ఎల్‌ఎన్‌టి యను పరికరమును ఆ కంపైలరు నిర్మాతలే కల్పించుకొనిరి. మందగింపు బయటపడినచో, వేయి మార్పులలో దోషిని పట్టుటకు, సగమునకు సగము విడదీయుచు పోయిన పది పరీక్షలు చాలును. ఉపాయము సుందరమే, కాని గడియారము సత్యమే పలుకునన్న నమ్మకము దీనికి పునాది.

ఆ పునాదిని 2009లో కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన టాడ్ మిట్కోవిచ్, ఆమెర్ దివాన్ తమ సహచరులతో గూడి కదలించిరి. ప్రోగ్రాము మొదలగునప్పుడు ఎన్విరాన్‌మెంటు వేరియబుళ్లు స్టాక్ మొదటనే చోటు చేసికొనును గదా. వాని పొడవు కొన్ని అక్షరములు పెరిగినంతనే స్టాక్ అంతయు పక్కకు జరిగి, కాష్‌లో ఏ దత్తాంశము దేనితో ఢీకొనునో ఆ లెక్క తారుమారగును. ప్రోగ్రాములో నొక్క యక్షరమైనను మారకయే వేగము మారును! ఫైళ్లను లింకు చేయు వరుస మారినను ఇదే ఫలితము. ఇక 10.2లోని ఆ రెండు శాతము కంపైలరు పాపమో, అమరిక పాపమో ఎవ్వరు చెప్పగలరు?

దీనికి ఆమ్హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమునందు చార్లీ కర్ట్‌సింగరు, ఎమెరీ బెర్గరు 2013లో చూపిన విరుగుడు నాకు ప్రాణసమానమైనది. అమరికను స్థిరపరచుటకు వారు యత్నింపలేదు. దానిని మరింత చెదరగొట్టిరి. స్టెబిలైజరు అను వారి పరికరము, ప్రోగ్రాము నడుచుచుండగనే, ఫంక్షనులను, స్టాక్ ఫ్రేములను, హీప్‌లోని వస్తువులను, ఆట నడుమనే పేకముక్కలను కలిపినట్లు, మాటిమాటికి చోటు మార్చుచుండును. ఒక్క పరుగులోనే లెక్కకు మిక్కిలి అమరికలు కలిసిపోవుటచే ఏ యొక్క అదృష్టమునకును, దురదృష్టమునకును పెత్తనము దక్కదు. పరుగుల కాలములు ఘంటాకారవక్రమును సమీపించును. అంతట సాంఖ్యకశాస్త్రము నిర్భయముగ తీర్పు చెప్పగలదు. ఆ త్రాసులో తూచగా, ఎల్‌ఎల్‌విఎమ్ ప్రోగ్రామును మెరుగుపరచు స్థాయిలలో ఓ3 అనునది ఓ2 కంటె అధికముగ నొసగు వేగము యాదృచ్ఛిక సంచలనమునుండి వేరుచేయరానిదని తేలెను.

కాలమునకు బదులు ప్రాసెసరు నడిపిన ఆదేశముల సంఖ్యను లెక్కించు పద్ధతి పిమ్మట ప్రబలినది. అది నిలకడయైనదే గాని, కాష్ తప్పిన బాధను చెప్పదు.

తమ ప్రోగ్రాము రెండు శాతము వేగవంతమైనదని సంతోషించు పాఠకులు, ఎన్విరాన్‌మెంటు వేరియబుల్ నొకదానిని పొడిగించి మరల కొలిచి చూతురు గాక.