ఇంజెక్టర్లు మార్చిన పిదప వెలుగు ఇంజను దీపము

నేటి మోటారు వాహనములలో చోదకుని యెదుటనుండు పలకపై ఇంజను ఆకారము గల చిన్న పసుపుపచ్చని దీపము కలదు. తాళము త్రిప్పగానే అది వెలుగును. ఇంజను నడక మొదలైన పిదప ఆరిపోవలయును. ఆరక నిలిచినను, నడుమ దారిలో వెలిగినను, ఇంజనును కనిపెట్టుచుండు కంప్యూటరు ఏదో లోపమును గుర్తించినదని తెలియవలెను. క్రొత్త ఇంజెక్టర్లు వేయించిన మరునాడే ఈ దీపము వెలిగినచో యజమాని కలవరపడుట సహజము. వేసిన సామాను చెడ్డదని ఒకరు, మరియొక సామాను మార్చవలెనని వేరొకరు చెప్పుదురు. ఆ రెండు మాటలకును ముందు జరుగవలసినది పరీక్ష.

ఇది మన ప్రాంతమువారికి జీవనముతో ముడిపడిన విషయము. కోవిల్పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగరమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై అగ్గిపెట్టెల కట్టలు, పప్పులు, నూనెలు మోయు చిన్న సరకు బండ్లెన్నో తిరుగుచుండును. తన బండిని తానే నడుపుకొను వానికి బండి నిలిచిన దినము కూలి పోయిన దినమే. అవసరము లేని సామాను కొనినచో ఆ నష్టము ఇంకను పెరుగును.

ఇంజెక్టరనగా ఇంధనమును సన్నని తుంపరగా చిమ్ము విద్యుత్ పిచికారి. ఎప్పుడు, ఎంతసేపు తెరచుకొనవలెనో కంప్యూటరు దానికి ఆజ్ఞ యిచ్చును. 1997లో ఇటలీ దేశపు ఆల్ఫా రోమియో 156 కారుతో ప్రయాణికుల కార్లలోనికి వచ్చిన కామన్ రైల్ డీజిలు పద్ధతిలో, అధిక పీడనమున ఒకే గొట్టములో నిలిపిన డీజిలును ఇంజెక్టర్లన్నియు పంచుకొనును.

కంప్యూటరు తాను కనుగొనిన లోపమును ఒక సంకేతముగా వ్రాసి యుంచును. స్కానరును తగిలించి దానిని చదువవచ్చును. పి 0201 మొదలు పి 0204 వరకు గల సంకేతములు వరుసగా ఒకటి మొదలు నాలుగు సిలిండర్ల ఇంజెక్టర్ల విద్యుత్ మార్గమున లోపమున్నదని చెప్పును. పి 0301 అనగా మొదటి సిలిండరులో ఇంధనము సరిగా మండుటలేదని భావము. పి 0171 అనగా ఇంధనము చాలక గాలి ఎక్కువైనదని, పి 0172 అనగా ఇంధనమే ఎక్కువైనదని అర్థము.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. హాజరు పట్టీలో బాలుని పేరున కెదుట గైర్హాజరు గుర్తుండును గాని, అతడేల రాలేదో పట్టీ చెప్పదు. సంకేతమును అటువంటిదే. మొదటి సిలిండరులో మంట సరిగా లేదని చెప్పును. కారణము ఇంజెక్టరో, ప్లగ్గో, కాయిలో, లోపలి బిగువు తగ్గుటయో చెప్పదు.

కావున పరీక్ష ఈ క్రమమున జరుగవలెను. మొదట సంకేతములన్నియు కాగితముపై వ్రాసికొనవలెను. లోపము కనబడినప్పటి ఇంజను వేగము, వేడి మొదలగు వివరములను గూడ కంప్యూటరు దాచి యుంచును; వానిని గూడ వ్రాయవలెను. అంతవరకు దేనిని తుడుపరాదు.

రెండవది, పనివాడు కడపట తాకిన చోటులనే ముందు చూడవలెను. ఇంజెక్టర్లు మార్చునప్పుడు కనెక్టర్లు ఊడదీసి మరల తగిలింతురు. అందొకటి పూర్తిగా బిగియకున్నను, లోని సూది వంగినను, వైరు నలిగినను దీపము వెలుగును. ఇంజెక్టరు మొదట నుండు రబ్బరు వలయము తెగినచో గాలి చొరబడి పి 0171 రావచ్చును. చేతి పని తప్ప ఖర్చు లేని పరీక్ష యిది.

మూడవది, పెట్రోలు బండిలో మొదటి సిలిండరు ఇంజెక్టరును రెండవ దానికి మార్చి చూడవచ్చును. సంకేతము పి 0301 నుండి పి 0302కు మారినచో లోపము ఇంజెక్టరుతో కూడ పోయినదని తేలును. మారకున్నచో ఇంజెక్టరు నిర్దోషి. ప్లగ్గును, కాయిలును చూడవలెను.

డీజిలు బండి సంగతి వేరు. కామన్ రైల్ ఇంజెక్టర్లలో పెక్కింటిపై అక్షరములు, అంకెలు చెక్కబడి యుండును. తయారీలో ఏర్పడు అత్యల్ప భేదమును అవి తెలుపును. అట్టి బండ్లలో ఏ సిలిండరులో ఏ ఇంజెక్టరు కలదో ఆ గుర్తును స్కానరు ద్వారా కంప్యూటరున వ్రాయవలెను. వ్రాయనిచో ఇంజెక్టరు క్రొత్తదైనను ఇంజను వణకును, పొగ వచ్చును, దీపము వెలుగవచ్చును. కావున గుర్తు వ్రాసితిరాయని యజమాని అడుగుట మంచిది.

ఈ పనిలో ప్రాణభయమును కలదు. కామన్ రైల్ గొట్టములోని పీడనము వాయుమండల పీడనమునకు వేయి రెట్లు మించును. కారుచున్న చోటును చేతితో తడవరాదు. సన్నని ధార చర్మమును చీల్చి లోనికి పోవును, వెంటనే శస్త్రచికిత్స చేయించనిచో వ్రేలే పోవచ్చును. పెట్రోలు ఆవిరి విషయమున అగ్గిపెట్టెల ఊరివారికి వేరుగ చెప్పనక్కరలేదు. పెట్రోలు బండిలో దీపము మినుకు మినుకుమనుచున్నచో బండిని ఆపవలెను. మండని ఇంధనము పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరును చేరి దానిని కాల్చివేయును.

లోపము సవరించిన తరువాతనే సంకేతమును తుడిచి, బండిని కొంతదూరము నడిపి, మరల చదువవలెను. కొందరు బ్యాటరీ తీగ ఊడదీసి దీపమును ఆర్పుదురు. పట్టీలో గుర్తు చెరిపినంత మాత్రమున బాలుడు బడికి వచ్చినట్లగునా?

మన విద్యార్థులలో ఈ వృత్తిని చేపట్టువారు ఒక్క మాట మనసున నుంచుకొనవలెను. స్కానరు చూపు సంకేతమును ఎవరైనను చదువగలరు. దాని వెనుకనున్న కారణమును పరీక్షించి తేల్చి, కొనవలసిన సామానునే కొనిపించువాడు పరుని ధనమును కాపాడును. ఊరిలో నమ్మకము సంపాదించునది అట్టి పనివాడే.