కణత్వచపు కొవ్వులు, శరీర బరువు, తొలిదశ రొమ్ము క్యాన్సర్

తొలిదశ రొమ్ము క్యాన్సర్ అనగా కణితి రొమ్మునకు, లేదా రొమ్ముతోపాటు చంకలోని శోషరస గ్రంథులకు మాత్రమే పరిమితమై, దూరపు అవయవాలకు వ్యాపించని స్థితి. స్త్రీ శరీర బరువుకు, కణత్వచాలలోని కొవ్వు ఆమ్లాలకు, ఈ వ్యాధికి గల సంబంధంపై పరిశోధనలు జరిగినవి.

కణత్వచం

కణత్వచం ముఖ్యంగా ఫాస్ఫోలిపిడ్ల రెండు వరుసలతో ఏర్పడుతుంది. వీటి కొవ్వు ఆమ్లాలలో సంతృప్తమైనవి తిన్నగా ఒదిగి ఉంటాయి. అసంతృప్తమైన వాటిలో వంపు ఉన్నందున పొర కొంత సడలి ఉంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. కనుక దాని త్వచాన్ని పరీక్షిస్తే గడచిన కొన్ని నెలల స్థితి తెలుస్తుంది. ఒక పూట భోజనంతో అది మారదు.

వంటనూనె పాత్ర

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో వేరుశనగను బుడ్డలు అని కూడా అంటారు. దీని నూనెలో ఓలియిక్ ఆమ్లం, సాధారణ రకాల కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువ. లినోలియిక్ ఆమ్లాన్ని మానవ శరీరం తయారుచేసుకోలేదు. అది ఆహారం నుండే రావాలి. ఓలియిక్ ఆమ్లం సంగతి వేరు. స్టియరిక్ ఆమ్లం నుండి దానిని శరీరమే ఒక ఎంజైము సాయంతో తయారుచేస్తుంది. ఇన్సులిన్ ఈ ఎంజైమును ప్రేరేపిస్తుంది.

ఉత్తర ఇటలీలో ముట్లుడిగిన స్త్రీలపై జరిగిన అధ్యయనం 2001లో ప్రచురితమైనది. ఎర్ర రక్తకణ త్వచంలో ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా, దానితో పోల్చినపుడు స్టియరిక్ ఆమ్లం తక్కువగా ఉన్న స్త్రీలలో తరువాతి కాలంలో రొమ్ము క్యాన్సర్ అధికంగా కనిపించినది. దీనిని చూసి బుడ్డల నూనెను నిందించుట సరికాదు. ఆ ఫలితం వంటపాత్రలోని నూనెకన్నా శరీరంలోని ఎంజైము చురుకుదనాన్నే ఎక్కువగా సూచిస్తుందని భావించవచ్చు.

శరీర బరువు

ముట్లుడిగిన తరువాత అండాశయాలకు బదులు కొవ్వు కణజాలమే ఈస్ట్రోజెన్‌కు ముఖ్య ఆధారమవుతుంది. అందలి అరోమటేజ్ అను ఎంజైము ఈ పని చేస్తుంది. ఈ వయసులో స్థూలకాయం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే నిర్ధారించినది. తొలిదశలో వ్యాధి బయటపడిన స్త్రీలలోనూ, స్థూలకాయులకు వ్యాధి తిరగబెట్టుట ఎక్కువగా కనిపించినది. చాలా క్యాన్సర్లలో రోగి చిక్కిపోతుండగా, ఇందులో కీమోథెరపీ కాలంలో బరువు పెరుగుట సామాన్యం. భారతీయులకు శరీర ద్రవ్యరాశి సూచిక 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు.

నిర్ధారణ

కణత్వచ పరీక్ష పరిశోధనలకు పనికివచ్చేదే గాని వ్యాధి నిర్ధారణకు వాడరు. రొమ్ములో గడ్డ తగిలినపుడు, నొప్పి లేకపోయినా, వైద్యుని పరీక్ష, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి చూచుట అవసరం. నూనె మార్చి చూద్దామని ఆగితే తొలిదశ దాటిపోవచ్చు. 2016 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 సంవత్సరాలు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రొమ్ము పరీక్ష చేయవలసి ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆళ్లగడ్డ కూడా ఉన్నది. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది.