అక్టోబర్ 1: ఆదోని జిల్లా మారిన రోజు, మజ్రూహ్ పుట్టిన రోజు

ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం ఎప్పుడని పిల్లల్ని అడగండి. నవంబర్ 1 అని టక్కున చెప్తారు. స్కూల్లో జెండా ఎగరేస్తారు కాబట్టి గుర్తుంటుంది. కానీ ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు వైపు వాళ్ళకు అంతకంటే దగ్గరి తారీఖు ఒకటుంది. అది 1953 అక్టోబర్ 1. ఆ రోజు జుమేరాత్, హిజ్రీ లెక్కలో 1373 ముహర్రం నెల. మన ఊళ్ళలో పీర్ల పండుగ అయిపోయి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. ముందు రాత్రి ఆదోనిలో పడుకున్నోళ్ళు బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో పడుకున్నారు. పొద్దున లేచేసరికి కర్నూలు జిల్లా, ఆంధ్ర రాష్ట్రం. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, జిల్లా రాష్ట్రం రెండూ మారిపోయాయి.

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఆదోని కోట బీజాపూర్ సుల్తానుల చేతిలో ఉన్నప్పుడు సిద్దీ మసూద్ ఖాన్ ఇక్కడ పాలించాడు. ఈనాటికీ మనం నమాజు చేసుకునే షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. తర్వాత ఔరంగజేబు సైన్యం వచ్చింది, నిజాం వంశానికి చెందిన బసాలత్ జంగ్ వచ్చాడు, 1786లో టిప్పు సుల్తాన్ కోటను పట్టుకున్నాడు. చివరికి 1800లో నిజాం ఈ సీమంతా ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే దీన్ని దత్త మండలాలు అన్నారు. దాని మొదటి పెద్ద కలెక్టర్ థామస్ మన్రో. తర్వాత మద్రాసు గవర్నర్ అయిన ఆ మన్రోనే 1827లో కలరా వచ్చి మన పత్తికొండలో చనిపోయాడు.

అప్పట్లో బళ్ళారి జిల్లా చాలా పెద్దది. పత్తికొండ తాలూకా కూడా అందులోనే ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు పత్తికొండను బళ్ళారి నుంచి తీసి ఇందులో కలిపారు. అంటే తుగ్గలి వాళ్ళు కర్నూలు జిల్లా వాళ్ళయింది అప్పుడు. పక్కనే ఉన్న ఆదోని, ఆలూరు మాత్రం బళ్ళారిలోనే ఉండిపోయాయి. తుగ్గలి అమ్మాయిని ఆదోనికి ఇచ్చి నిఖా చేస్తే, 95 ఏళ్ళ పాటు అది ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు ఇచ్చినట్టే!

ఇక 1952కి వద్దాం. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని మద్రాసులో పొట్టి శ్రీరాములు అక్టోబర్ 19న నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58వ రోజు, డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. కోస్తా ఊళ్ళు అట్టుడికిపోయాయి. నాలుగు రోజులకే ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. కోస్తా, సీమ జిల్లాలు 11 రావడం తేలిగ్గానే తేలింది. చిక్కంతా బళ్ళారి దగ్గర వచ్చింది. అక్కడ కన్నడం, తెలుగు కలిసిపోయి ఉన్నాయి. మన ఇళ్ళలో ఉర్దూ, బజారులో రెండు భాషలూ. ఎవరిది ఏ ఊరని గీత గీయడం ఎవరి తరం? చివరికి తాలూకాల వారీగా పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు. మిగతా తాలూకాలు మైసూరుకు. ఒక్క బళ్ళారి తాలూకా మీద మాత్రం పెద్ద గొడవ నడిచింది. దాని సంగతి చూడమని జస్టిస్ మిశ్రాకు అప్పగించారు, ఆఖరికి అదీ మైసూరుకే పోయింది. రాయదుర్గం అనంతపురం జిల్లాలో, ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోదే కాబట్టి దానితోపాటే వచ్చింది.

ఇందులో కొన్ని కుటుంబాలకు మేలు జరిగింది, కొన్నిటికి ఇబ్బంది. బంధువులు బళ్ళారిలో ఉన్నవాళ్ళకు మధ్యలో రాష్ట్రాల సరిహద్దు పడింది. కానీ ఆదోని మనిషి కోణంలో ఇంకో లెక్క ఉంది. అంతకుముందు జిల్లా పనికి బళ్ళారి, పెద్ద పనికి మద్రాసు పోవాలి. ఇప్పుడు జిల్లా ఆఫీసూ, రాష్ట్ర రాజధానీ రెండూ కర్నూలులోనే! 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో సీమకు రాజధాని గానీ హైకోర్టు గానీ ఇవ్వాలని అనుకున్న మాట ప్రకారం రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది.

ఆ జుమేరాత్ నాడు నెహ్రూ స్వయంగా కర్నూలు వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి, సి.ఎం. త్రివేది గవర్నర్. ఆఫీసులకు బిల్డింగులు చాలక గుడారాలు వేశారు. గుడారాల్లో నడిచిన రాజధాని అని పెద్దోళ్ళు చెప్పే మాట కథ కాదు, నిజమే. అది నిలిచింది 3 సంవత్సరాల ఒక్క నెల. 1956 నవంబర్ 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. కర్నూలు మళ్ళీ మామూలు జిల్లా కేంద్రం అయింది. సీమ వాళ్ళ గుండెలో ఆ ముల్లు ఇప్పటికీ ఉంది, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని కదుపుతూనే ఉంటారు. అయితే ఒక సంగతి మరవకూడదు. రాజధాని రాకముందే, 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టారు. రాజధాని పోయినా ఆ కాలేజీ పోలేదు. ఇప్పుడు కర్నూలులో ఉన్న ఉర్దూ యూనివర్సిటీకి ఆయన పేరే.

అదే తారీఖున పుట్టినోళ్ళ సంగతి కూడా చూద్దాం. 1919 అక్టోబర్ 1న పుట్టిన మజ్రూహ్ సుల్తాన్‌పురీ అసలు పేరు అస్రారుల్ హసన్ ఖాన్. చదివింది యూనానీ వైద్యం, హకీం సాహెబ్‌గా మందులిచ్చారు కూడా. ముషాయిరాల్లో గజల్ చదివి పేరు తెచ్చుకుని, 1946లో 'షాజహాన్' సినిమాతో పాటల్లోకి వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నెహ్రూను ఎత్తిపొడుస్తూ కవిత చదివినందుకు బొంబాయి ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. మాఫీ అడిగితే వదిలేస్తామన్నారు, ఆయన అడగలేదు. ఆ తర్వాత దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మొట్టమొదటి పాటల రచయిత ఆయనే.

విచిత్రం ఏమంటే, ఆయనతో ఎన్నో పాటలు చేసిన సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్ పుట్టినరోజు కూడా ఇదే, 1906లో. 'పేయింగ్ గెస్ట్', 'సుజాత', 'జ్యువెల్ థీఫ్', 'అభిమాన్', అన్నీ ఈ ఇద్దరివే. బర్మన్ పుట్టిన కొమిల్లా ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. గీత గీస్తే ఊరు వేరే దేశంలోకి పోవడం ఆయనకూ అనుభవమే.

తెలుగులో చూస్తే అల్లు రామలింగయ్య, 1922, పాలకొల్లు. నవ్వించడమే కాదు, హోమియో మందులు కూడా ఇచ్చేవారు. హకీం మజ్రూహ్, హోమియో అల్లు ఒకే తారీఖున పుట్టడం భలే ఉంది కదా. లోక్‌సభకు మొదటి దళిత స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి 1951లో ఇదే రోజు పుట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నాటికి ఆయనకు సరిగ్గా రెండేళ్ళు నిండాయి. మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ (1945), అనీ బిసెంట్ (1847) కూడా ఈ రోజు వాళ్ళే. అమెరికా మాజీ ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ 1924లో పుట్టి 2024 అక్టోబర్ 1న నూరేళ్ళు నిండించుకున్నారు. అక్టోబర్ 1ని ఐక్యరాజ్యసమితి వృద్ధుల దినంగా జరుపుతుంది కాబట్టి ఆయనకు బాగా కుదిరింది. చైనాలో మావో కొత్త ప్రభుత్వాన్ని ప్రకటించింది 1949లో, నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది 1960లో, రెండూ ఈ తారీఖే.

ఇంకొకటి, మనకు బాగా పనికొచ్చినది. 1854 అక్టోబర్ 1 నుంచి దేశమంతటికీ ఒకే రకం స్టాంపులు వచ్చాయి. అంతకుముందు దూరాన్ని బట్టి ఉత్తరానికి డబ్బులు. అప్పటినుంచి పావు తులం బరువున్న ఉత్తరం పత్తికొండ నుంచి పక్క ఊరికైనా, కలకత్తాకైనా అర్ధణాయే.

ఇక మీ ఇంటి ట్రంకుపెట్టె సంగతి. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు వైపు 1953 అక్టోబర్ 1కి ముందు రాసిన దస్తావేజు, స్కూలు సర్టిఫికెట్, పుట్టిన చీటీ ఏదున్నా దాని మీద బళ్ళారి జిల్లా అనే ఉంటుంది. దాదా పుట్టింది కర్నాటకలోనా అని పిల్లలు కంగారు పడనక్కర్లేదు, ఆఫీసులో ఎవరైనా ఊరు తేడాగా ఉందని పక్కన పెట్టినా బెదరనక్కర్లేదు. ఆ రోజుకు ఆదోని బళ్ళారి జిల్లానే, ఆ కాగితం సరైనదే. దాన్ని దిద్దించాలని పోవద్దు, జిరాక్స్ తీయించి అసలుది భద్రంగా ఉంచండి. పత్తికొండ, తుగ్గలి వైపు వాళ్ళకు ఈ చిక్కు లేదు, వాళ్ళ పెద్దల కాగితాల మీద 1858 నుంచీ కర్నూలే.