మీకు తెలుసా? పెన్‌డ్రైవ్‌లోకి పాట వెళ్లినా, డీజే సెట్ వెళ్లదు

ల్యాప్‌టాప్‌లో రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని రాత్రంతా క్యూ పాయింట్లు, లూప్‌లు, బీట్ గ్రిడ్ సరిచేసుకున్న డీజే, ఆ పాటల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ కొడితే ప్లేయర్‌కి చేరేది పాట ఒక్కటే. పడ్డ కష్టం కంప్యూటర్లోనే ఉండిపోతుంది! ఎందుకంటే ఆ గుర్తులు ఉండేది పాట ఫైల్‌లో కాదు, సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో. 'ఎక్స్‌పోర్ట్' చేస్తేనే పెన్‌డ్రైవ్‌లో 'పయొనీర్' అనే ఫోల్డర్ తయారవుతుంది. ప్లేలిస్టులు, వేవ్‌ఫామ్‌లు, క్యూలు అన్నీ అందులోనే. క్లబ్‌లోని సీడీజే ప్లేయర్ చదివేది దాన్నే, ల్యాప్‌టాప్ అక్కర్లేదు.

2009లో వచ్చిన సీడీజే-2000 నుంచీ పద్ధతి ఇదే. పేచీ పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌తో వస్తుంది. ఆ తరం ప్లేయర్లలో ఫ్యాట్32 పనిచేస్తుంది, ఎన్‌టీఎఫ్ఎస్ పనికిరాదు. విండోస్ ఏమో చాలా ఏళ్లపాటు 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఫ్యాట్32 ఆప్షనే చూపించలేదు. సీడీజే-2000కి ఫ్లాక్ ఆడియో ఫైళ్లూ పడవు. 2016 నాటి సీడీజే-2000 నెక్సస్2 వాటిని ప్లే చేస్తుంది.

అందుకే క్లబ్‌లో ఏ ప్లేయర్ మోడల్ ఉందో ముందే కనుక్కోండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక 'ఎజెక్ట్' నొక్కకుండా డ్రైవ్ లాగేయకండి. అదే సెట్‌తో రెండో పెన్‌డ్రైవ్ కూడా జేబులో వేసుకోండి.